పరదా ఎంత ఎత్తు, పొగగొట్టం ఎంత ఎత్తు? ఊరి గాలి మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దుమ్ము, పొగల గోడే. అందరి ప్రశ్నా చివరికి ఒక్కటే: ఎవరికి చెప్పుకోవాలి, ఏమని చెప్పుకోవాలి? ఒకేలా ఉన్న ఉత్తరాలను కలిపి జవాబిస్తున్నాం.

*ప్రశ్న: మా పక్క స్థలంలో సెల్లార్ తవ్వారు, ఇప్పుడు స్టిల్ట్ మీద ఐదంతస్తులు లేపుతున్నారు. పొద్దున తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికి కాలిముద్రలు పడుతున్నాయి. బిల్డర్‌ని అడిగితే "ఇల్లు కడితే దుమ్ము రాదా అమ్మా" అంటున్నాడు. దీనికి రూల్ ఏమైనా ఉందా? – ఒక గృహిణి, మియాపూర్*

ఉంది, అదీ కొలతలతో సహా. కేంద్ర పర్యావరణ శాఖ 2018 జనవరి 25న జీఎస్ఆర్ 94(ఈ) నంబరుతో ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. దుమ్ము కణాలు పరిమితి దాటిన నగరాలన్నిటికీ అది వర్తిస్తుంది. అలా పరిమితి దాటిన నగరాల కోసం పెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి, ఆంధ్రప్రదేశ్ నుంచి విజయవాడ, విశాఖ, గుంటూరు, నెల్లూరుతో కలిపి 13 పట్టణాలు ఉన్నాయి. మీ ఊరు అందులో ఉందంటే ఇక వాదన అక్కర్లేదు.

ముందు పరదా సంగతి. కట్టే భవనం ఎత్తులో మూడో వంతు ఎత్తున గాలికి అడ్డుగా పరదా కట్టాలి. గరిష్ఠంగా 10 మీటర్లు చాలు. మీ పక్కన లేచేది 18 మీటర్ల భవనమైతే పరదా 6 మీటర్లు, అంటే దాదాపు 20 అడుగులు. సైట్ల చుట్టూ మామూలుగా కనిపించేది 8 అడుగుల రేకు. అది చూపుకు అడ్డం గానీ గాలికి కాదు. ఆకుపచ్చ నెట్ కట్టినా చిరుగులు చూసుకోవాలి, కింది అంచు నేలకు ఆనాలి. అడుగున జానెడు సందు వదిలితే గాలి అక్కడే వేగం పుంజుకుని దుమ్మును బయటికి ఈడ్చేస్తుంది.

రెండోది, ఇసుక, మట్టి, రోబో శాండ్, కూల్చిన శిథిలాలు ఏవీ కప్పకుండా ఉంచకూడదు. మూడోది, గ్రానైటు, టైల్స్, ఇటుకలు ఆరుబయట కోయకూడదు, గ్రైండింగ్ చేయకూడదు. ఇది అందరూ తేలిగ్గా తీసుకునే రూలు, అన్నిటికంటే హాని చేసేదీ ఇదే. ఎండుగా కోసిన రాయిలోంచి లేచే తెల్లటి పొడిలో సిలికా ఉంటుంది. ముందు పోయేది కట్టర్ పట్టుకున్న మేస్త్రి ఊపిరితిత్తులే. బ్లేడు మీదికి సన్నటి నీటి గొట్టం పెట్టి, చుట్టూ మూసిన చోట కోస్తే పొడి లేవదు, బురదగా కిందికి జారుతుంది. ఆ బురద ఎండక ముందే ఎత్తెయ్యాలి. లేకపోతే మర్నాటికి అదే దుమ్ము.

సైటుకు వెళ్ళే దారి గట్టిపరిచి తారో కాంక్రీటో వేయాలి, నీళ్ళు చల్లే ఏర్పాటు ఉండాలి, మట్టి మోసే బండ్ల మీద టార్పాలిన్ ఉండాలి. తీసుకున్న జాగ్రత్తలను సైటు ముందు బోర్డు మీద రాసి పెట్టడం కూడా రూలులో భాగమే. ఆ బోర్డు లేకపోవడం ఫిర్యాదుకు అన్నిటికంటే సులువైన సాక్ష్యం. ఒక్క ఫొటో చాలు, కొలత పరికరం అక్కర్లేదు.

ఇక చూడాల్సింది టిప్పర్ చక్రాలు. సెల్లార్ మట్టి చక్రాలకు పట్టుకుని రోడ్డెక్కుతుంది, రెండొందల గజాల దాకా రాలుతుంది, తర్వాతి బండ్లు దాన్ని నలిపి పిండి చేస్తాయి. గేటు దగ్గర చక్రాలు కడిగే గుంత, లేదంటే కనీసం ఒక ప్రెషర్ పైపు ఉందో లేదో చూడండి. లోపల ఎంత నీళ్ళు చల్లినా చక్రాలు కడగని సైటు వీధిని బాగుపడనివ్వదు.

ఫిర్యాదు ఎవరికంటే, సైటు బోర్డు మీది అనుమతి నంబరు రాసుకుని ముందు కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగానికి. ఆంధ్రప్రదేశ్‌లోనైతే మొదట వార్డు సచివాలయానికి. ప్రాజెక్టు నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు (సుమారు 2.15 లక్షల చదరపు అడుగులు) దాటితే దానికి పర్యావరణ అనుమతి కూడా ఉండి తీరాలి. అప్పుడు కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి కూడా రాయండి. ఆ అనుమతి పత్రం పరివేష్ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు, దుమ్ము షరతులు అందులోనే ఉంటాయి. "దుమ్ము వస్తోంది" అని రాస్తే "చర్యలు తీసుకోమని సూచించాం" అనే జవాబొస్తుంది. "18 మీటర్ల భవనానికి 6 మీటర్ల పరదా ఉండాలి, 2.4 మీటర్ల రేకే ఉంది, ఫొటో జతచేశాం" అని రాస్తే వచ్చి కొలవక తప్పదు.

*ప్రశ్న: ఒకే ఉదయం ఒక యాప్‌లో మా ఊరి గాలి 98, ఇంకో యాప్‌లో 155. మా అబ్బాయి కొన్న చిన్న మీటరు మూడో లెక్క చెబుతోంది. ఏది నమ్మాలి? – ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం*

మూడూ అబద్ధం చెప్పకపోవచ్చు, మాస్టారూ. తూకపు రాళ్ళే వేరు. మన దేశపు గాలి నాణ్యత సూచీలో పీఎం 2.5 (2.5 మైక్రాన్ల లోపు సన్న కణాలు) ఘనమీటరుకు 60 మైక్రోగ్రాములుంటే సూచీ 100, అంటే "సంతృప్తికరం". అమెరికా కొలమానంలో అదే 60కి సూచీ దాదాపు 154, అంటే "అనారోగ్యకరం". విదేశీ యాప్‌లు చాలావరకు రెండోది వాడతాయి. పైగా మన అధికారిక సూచీ 24 గంటల సగటు, కొన్ని యాప్‌లు చూపేది ఈ గంట లెక్క. అందుకే సూచీ పక్కన పెట్టి, మైక్రోగ్రాముల్లో ఎంతో చూడండి. అది ఏ యాప్‌లోనైనా పోల్చదగ్గది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) వాళ్ళ సమీర్ యాప్‌లో మీ ఊరి ఆనంద కళాక్షేత్రం కేంద్రం లెక్కలు కనిపిస్తాయి.

ఇంట్లో పెట్టుకునే చిన్న మీటర్లు లేజరు వెలుగును కణాలు ఎంత చెదరగొడుతున్నాయో చూసి లెక్క కడతాయి. మంచు పట్టిన ఉదయం గాలిలో తేమ 80 శాతం దాటితే కణాలు నీళ్ళు పీల్చి ఉబ్బుతాయి, మీటరు ఎక్కువ చూపుతుంది. గోదావరి గట్టున ఇది మామూలే. అధికారిక కేంద్రాల్లో లోపలికి పీల్చే గాలిని వేడి చేసి తేమ తీసేస్తారు. మీ మీటరును పారేయకండి. వంటింట్లో తాలింపు వేసినప్పుడు, వీధిలో చెత్త తగలబెట్టినప్పుడు ఎంత పెరిగిందో చెప్పడానికి అది బాగా పనికొస్తుంది. పరిమితి దాటిందని కోర్టులో చెప్పడానికి మాత్రం పనికిరాదు.

ఇంకో మెలిక ఉంది. సూచీ రోజూ పచ్చగా ఉన్నంత మాత్రాన ఊరు పరిమితిలో ఉన్నట్టు కాదు. 2009 జాతీయ ప్రమాణాల్లో పీఎం 10కి, అంటే 10 మైక్రాన్ల లోపు కణాలకు, రోజు సగటు 100 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 60. పీఎం 2.5కి రోజుకు 60, ఏడాదికి 40. ఏడాది పొడుగునా పీఎం 10 రోజుకు 85 ఉందనుకోండి. సూచీ 365 రోజులూ "సంతృప్తికరం" అంటుంది, ఏడాది లెక్కలో ఊరు తప్పుతుంది. మన కోస్తా, సీమ పట్టణాలు జాబితాకెక్కింది ఢిల్లీలాంటి భయంకరమైన రోజులుండి కాదు, ఇలాంటి నిత్యపు దుమ్ము వల్లే.

*ప్రశ్న: మా అపార్టుమెంటులో 125 కేవీఏ జనరేటరు సెల్లార్ ర్యాంపు పక్కన ఉంది. కరెంటు పోతే మొదటి అంతస్తు వాళ్ళ పడగ్గదుల్లోకి పొగ. గొట్టం ఎంత ఎత్తుండాలి? – అసోసియేషన్ కార్యదర్శి, విజయవాడ*

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూత్రం ఇది: గొట్టం ఎత్తు = జనరేటరు ఉన్న భవనం ఎత్తు + 0.2 × కేవీఏ వర్గమూలం. 125కి వర్గమూలం 11.18, దాన్ని 0.2తో గుణిస్తే 2.24. మీ భవనం 16 మీటర్లయితే గొట్టం 18.24 మీటర్ల దాకా, అంటే డాబా దాటి ఇంకో ఏడడుగులకు పైగా పోవాలి. ర్యాంపు పక్కన డబ్బా మీద రెండడుగుల మూతి పెట్టి వదిలేయడం సూత్రానికి దరిదాపుల్లో కూడా లేదు.

అయితే ఫ్యాబ్రికేషన్ అతన్ని పిలిచి "పైదాకా గొట్టం వేసెయ్" అంటే కొత్త తంటా వస్తుంది. జనరేటరు వెనకాల ఉన్న సన్నటి గొట్టాన్నే అదే సైజులో 18 మీటర్లు లాగి, నాలుగు చోట్ల లంబకోణపు వంపులు తిప్పితే పొగకు ఎదురొత్తిడి పెరుగుతుంది. ఇంజన్ ఊపిరి బిగబట్టినట్టయి నల్లపొగ పెరుగుతుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది, వేడెక్కుతుంది. తయారీదారు మాన్యువల్‌లో ఎదురొత్తిడి గరిష్ఠ పరిమితి ఉంటుంది. గొట్టం పొడవు, వంపుల సంఖ్య చెప్పి ఎంత వ్యాసం కావాలో సర్వీసు ఇంజనీరు చేత రాయించుకోండి. వంపులు తప్పకపోతే పొడుగ్గా, నింపాదిగా తిరిగేవి వేయించండి. ఇంజన్‌కూ గొట్టానికీ మధ్య ముడతల ఫ్లెక్సిబుల్ ముక్క ఉండాలి. లేకపోతే అదురుకు వెల్డింగు చీలి పొగ సెల్లార్‌లోనే నిండుతుంది. గొట్టం బరువు గోడ క్లాంపుల మీద పడాలి గానీ ఇంజన్ మీద కాదు. కిందిభాగంలో నీరు దిగే ప్లగ్ పెట్టించండి, చల్లబడిన పొగలోంచి కారే నీరు తిరిగి ఇంజన్‌లోకి దిగకుండా. మనిషి చేతికందే ఎత్తు వరకు వేడి తగలని చుట్ట తప్పనిసరి, పిల్లలు తిరిగే చోటు కదా.

పైన మూతికి పుట్టగొడుగు టోపీ పెట్టించొద్దు. వాన రాదు నిజమే, పొగను కూడా కిందికే తోస్తుంది. పొగ ఒత్తిడికి తెరుచుకుని, ఆగగానే మూసుకునే రెక్క మూత పెట్టండి.

ఇంత చేసినా నూనె జిడ్డుతో తెల్లటి, నీలి పొగ వస్తుంటే జనరేటరు అవసరానికి మించి పెద్దదేమో చూడండి. లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లకే 125 కేవీఏ నడుపుతూ లోడు 30 శాతం లోపు ఉంటే డీజిలు పూర్తిగా మండదు, గొట్టంలో తారులా పేరుకుంటుంది. నల్లపొగైతే ముందు ఎయిర్ ఫిల్టరు, తర్వాత ఇంజెక్టర్లు. కొత్తది కొనేటప్పుడు 2023 జూలై నుంచి అమల్లోకి వచ్చిన సీపీసీబీ 4 ప్లస్ ప్రమాణం స్టిక్కరు ఉందో లేదో చూసి కొనండి.

*ప్రశ్న: తెల్లారుజామున మా వీధి చివర ఎండాకులూ ప్లాస్టిక్కూ కలిపి తగలబెడుతున్నారు. ఊడ్చేవాళ్ళే చేస్తున్నారు. వాళ్ళ మీద ఫిర్యాదు చేయాలంటే మనసొప్పడం లేదు. – ఒక పాఠకుడు, నెల్లూరు*

మీ మనసు సరైన చోటే ఉంది. అగ్గిపుల్ల గీసేది ఊడ్చే మనిషే కావచ్చు, ఆ ఆకులు మోయడానికి బండి పంపనిది పైవాళ్ళు. అందుకే ఫిర్యాదులో మనిషిని కాదు, స్థలాన్నీ వేళనూ రాయండి: ఫలానా స్తంభం దగ్గర, ఉదయం అయిదున్నరకు, వారంలో ఇన్ని రోజులు. ఆకులెత్తే బండి ఆ వీధికి ఏ వేళకు రావాలో అడగండి.

చెత్త కాల్చడం ఘన వ్యర్థాల నియమాల ప్రకారం నిషిద్ధం. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబర్ 22న అల్మిత్రా పటేల్ కేసులో జరిమానా కూడా తేల్చింది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో ఒక్క ప్రశ్న వేసి చూడండి: "మా డివిజన్‌లో గత ఏడాది చెత్త కాల్చినందుకు ఎన్ని జరిమానాలు వేశారు, ఎంత వసూలైంది?" 30 రోజుల్లో జవాబివ్వాలి. జవాబు "సున్నా" అయితే అదే మీ తర్వాతి ఫిర్యాదుకు మొదటి పేజీ. తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో, ఆంధ్రలో కలెక్టరేటు గ్రీవెన్స్‌లో ఆ కాగితం జతచేసి ఇవ్వండి. "నిధుల్లేవు" అంటే ఒప్పుకోనక్కర్లేదు. రత్లాం మునిసిపాలిటీ కేసులో 1980లోనే సుప్రీంకోర్టు ఆ సాకు చెల్లదంది.

*ప్రశ్న: మా రోడ్డు మీద ఫిరంగిలాంటి యంత్రంతో నీళ్ళు చిమ్ముతూ లారీ తిరుగుతోంది. దాంతో గాలి బాగుపడుతుందా? – ఎల్.బి. నగర్ నుంచి*

ఆ పది నిమిషాలు బాగుపడుతుంది. ఎండకు నీరు ఆరగానే దుమ్ము మళ్ళీ అక్కడే ఉంటుంది. రోడ్డు దుమ్ము ఎక్కువగా పేరుకునేది డివైడరు పక్కన, కాలిబాట అంచున ఉన్న మూరెడు వెడల్పులో. దాన్ని పీల్చి ఎత్తుకెళ్ళే యంత్రం తిరిగితేనే లెక్కలో తేడా వస్తుంది, అదీ బ్రష్షులు అరిగిపోకుండా, పీల్చే మూతి నేలకు దగ్గరగా ఉంటేనే. వెనకాల మబ్బు లేపుకుంటూ పోయే స్వీపింగ్ యంత్రం కనిపిస్తే దాని ఫిల్టరు నిండిందని అర్థం. అన్నిటికంటే చవక పని రోడ్డు అంచు నుంచి డ్రైను దాకా మట్టి కనబడకుండా పరిచేయడం. దానికి రిబ్బన్ కటింగులు ఉండవు కాబట్టి వెనకబడుతుంది. పది లక్షల జనాభా దాటిన నగరాలకు 15వ ఆర్థిక సంఘం గాలి నాణ్యత కోసం విడిగా గ్రాంటు సిఫారసు చేసింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ అందులో ఉన్నాయి. లారీలకెంత, రోడ్డు అంచులకెంత ఖర్చయిందో అడగడం మీ హక్కు.

*ప్రశ్న: పోర్టుకు దగ్గరలో ఉంటాం. కిటికీ గూట్లో రోజూ నల్లటి పొడి. సూచీ చూస్తే మాత్రం బాగానే ఉందంటోంది. మా కళ్ళు తప్పా? – విశాఖ, వన్ టౌన్ నుంచి*

కళ్ళు కాదు, కొలత వేరు. సూచీ లెక్కించేది గాలిలో తేలే 10 మైక్రాన్ల లోపు కణాలను. మీ గూట్లో పేరుకునే పొడిలో ఎక్కువ భాగం అంతకంటే ముతక. బరువుకు త్వరగా కిందికి దిగేది. 2009 ప్రమాణాల్లోని 12 కాలుష్య పదార్థాల్లో ఇలా రాలే దుమ్ముకు పరిమితే లేదు. కాబట్టి మండలికి రాసేటప్పుడు "సూచీ ఎక్కువుంది" అనకండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 5182 మొదటి భాగం ప్రకారం మీ ప్రాంతంలో జాడీ పెట్టి, నెల రోజులు రాలిన దుమ్మును తూచి, అందులో బొగ్గు ఎంతో తేల్చమని అడగండి. ఈలోగా మీరూ ఒక పని చేయొచ్చు. తెల్ల టైలు ఒకటి డాబా మీద పెట్టి, రోజూ ఒకే వేళకు ఫొటో తీసి తుడిచేయండి. పక్కన ఆ రోజు గాలి ఎటునుంచి వీచిందో రాయండి. పోర్టువైపు నుంచి గాలి వీచిన రోజుల్లోనే టైలు నల్లబడితే పటం దానంతటదే గీసుకుంటుంది. వేలితో రుద్దితే నల్లగా సాగేది బొగ్గు లేదా మసి, ఎర్రగా మరక పడేది ఇనుప ఖనిజం కావచ్చు.

ఈ విషయంలో కార్పొరేషన్ చేతిలో ఉన్నది కొంతే. బొగ్గు కుప్పలు, కన్వేయర్ల షరతులు కాలుష్య మండలి ఇచ్చే అనుమతిలో ఉంటాయి. అడగాల్సినవి: కుప్పల ఎత్తు, వాటిపై నీటి చిమ్ముళ్ళు పనిచేసే వేళలు, కన్వేయర్లకు మూత, వ్యాగన్లకు టార్పాలిన్. చలికాలంలో కొండల మధ్య గిన్నెలాంటి మీ ఊళ్ళో తెల్లవారుజాము గాలి కదలదు. కిటికీలు ఎండెక్కాక తీయండి.

*ప్రశ్న: నల్లపొగ కక్కే ఆటోకు పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలా వస్తుంది? – కర్నూలు*

డీజిలు బండికి చేసేది పొగ ఎంత దట్టంగా ఉందో చూసే పరీక్ష. ఇంజన్ వేడెక్కాక యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి చూడాలి. సగం తొక్కి వదిలేస్తే అంకె తక్కువొస్తుంది, అసలు కిటుకు అదే. పరిమితి బీఎస్-4 (భారత్ స్టేజ్ 4 పొగ ప్రమాణం) డీజిలుకు 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, అంతకు ముందువాటికి 65. పెట్రోలు బండికి చూసేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లే. నైట్రోజన్ ఆక్సైడ్లు, సన్న కణాలు ఈ పరీక్షలో లేవు. సర్టిఫికెట్ ఉందంటే బండి శుభ్రమని కాదు, ఆ క్షణాన ఆ రెండు మూడు అంకెలు దాటలేదని. బీఎస్-4, ఆపై బండ్లకు అది ఏడాది చెల్లుతుంది, పాతవాటికి 6 నెలలు.

*ప్రశ్న: ఎక్కడ తిరిగినా పని కాకపోతే? – పేరు వద్దన్న పాఠకురాలు, గుంటూరు*

తెలుగు రాష్ట్రాలు రెండూ హరిత ట్రైబ్యునల్ చెన్నై దక్షిణ బెంచి కిందికి వస్తాయి. నష్టపరిహారం అడగని దరఖాస్తుకు ఫీజు 1,000 రూపాయలు, ఆన్‌లైన్‌లో వేయొచ్చు, లాయరు లేకుండానూ వాదించుకోవచ్చు. చాలామంది జారిపోయేది గడువు దగ్గర. సమస్య మొదట తలెత్తిన రోజు నుంచి 6 నెలల్లోపు వేయాలి. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు. మీ చివరి ఫిర్యాదు తేదీ నుంచి లెక్క మొదలవుతుందనుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతూ కూర్చుంటే గడువు చేజారుతుంది. మొదటి ఫొటో తీసిన రోజునే క్యాలెండరులో అయిదో నెల మీద గుర్తు పెట్టుకోండి. పరిహారం కూడా కావాలంటే ఆ గడువు వేరు, 5 ఏళ్ళు.